కిటికీకి మోటారు బిగించడం వచ్చా?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి... మూడు జిల్లా కేంద్రాల్లోనూ కొత్త ఇళ్లకు టేకు కిటికీలు తగ్గిపోతున్నాయి. వాటి చోట అల్యూమినియం సెక్షన్‌తోనో యూపీవీసీతోనో చేసిన జరిపే కిటికీలు వస్తున్నాయి. మూడు ట్రాకులు, రెండు అద్దాల రెక్కలు, ఒక దోమల జాలీ. కింద చిన్న రోలర్లు, అంచుల్లో గాలి దూరకుండా బ్రష్ పట్టీ. అంతే సరంజామా.

ఆ కిటికీకి మోటారు పెట్టాలి. వాన మొదలవగానే దానంతట అదే మూసుకోవాలి. కోతుల గుంపు గోడెక్కితే మంచం మీది నుంచే బటన్ నొక్కి మూసేయగలగాలి. పని చిన్నదే అనిపిస్తుంది. కానీ ఐటీఐ, డిప్లొమా, బీటెక్ పిల్లలు చివరి ఏడాది ప్రాజెక్టుకని హైదరాబాద్ అమీర్‌పేట పోయి తయారుగా ఉన్న కిట్ కొని తెచ్చే బదులు ఈ ఒక్క కిటికీని పట్టుకుంటే మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ మూడింటిలోనూ చెయ్యి తిరుగుతుంది. ఇంటర్వ్యూలో అడిగే ప్రశ్నల్లో సగం ఇందులోనే ఉంటాయి.

ముందు కాటా, తర్వాతే మోటారు

ఎంత మోటారు కావాలి? చాలామంది ఊహ అర హార్స్‌పవర్ దగ్గర మొదలవుతుంది. లెక్క వేస్తే సంగతి వేరుగా తేలుతుంది.

మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉన్న రెక్కలో 5 మిల్లీమీటర్ల అద్దం ఉందనుకుందాం. ఆ మందం అద్దం చదరపు మీటరుకు 12.5 కిలోలు తూగుతుంది. అంటే అద్దమే దాదాపు 14 కిలోలు. ఫ్రేము, రోలర్లు కలిపి 20 కిలోలు అనుకోవచ్చు. అయితే మోటారు ఈ 20 కిలోలనూ మోయనక్కర్లేదు. బరువును ట్రాకు మోస్తుంది. మోటారు పోరాడాల్సింది రోలర్ల రాపిడితో, బ్రష్ పట్టీ పట్టుతో. ఆ రాపిడిని కొలవడానికి ల్యాబ్ అక్కర్లేదు, కొక్కెం ఉన్న స్ప్రింగ్ కాటా చాలు. కొక్కేన్ని రెక్కకు తగిలించి అడ్డంగా లాగాలి. శుభ్రంగా ఉన్న ట్రాకులో ముల్లు రెండు కిలోల దగ్గర ఆగితే, దుమ్ము పేరుకున్న ట్రాకులో అయిదు దాకా పోవచ్చు. బొగ్గు లారీలు తిరిగే భూపాలపల్లి రోడ్ల పక్కన ఉన్న ఇంటికి డిజైన్ చేసేవాళ్లు ఆ రెండో అంకెనే పట్టుకోవాలి.

అయిదు కిలోల లాగుడంటే సుమారు 50 న్యూటన్ల బలం. రెక్క 80 సెంటీమీటర్ల దూరం పది సెకన్లలో జరగాలంటే సెకనుకు 8 సెంటీమీటర్ల వేగం. రెండింటినీ గుణిస్తే 4 వాట్లు. బెల్టులో, గేర్లలో సగం శక్తి వృథా అవుతుందనుకుని, ఆపైన రెండింతల వెసులుబాటు ఉంచినా 16 వాట్లు. ఒక ఎల్‌ఈడీ బల్బుకు సరిపోయే కరెంటు! అర హార్స్‌పవర్ అంటే 373 వాట్లు. అంత మోటారు పెడితే డబ్బు దండగ, కిటికీ ముందు నిలబడ్డ మనిషికి ప్రమాదం.

ఇక తిప్పుడును జరుపుడుగా మార్చాలి. ఇక్కడ మూడు దారులున్నాయి. మోటారుకు 4 సెంటీమీటర్ల పుల్లీ బిగించి పళ్ల బెల్టుతో రెక్కను లాగితే, నిమిషానికి 38 చుట్లు తిరిగే మోటారు చాలు. అదే మోటారుకు చుట్టుకు 8 మిల్లీమీటర్లు జరిపే మరల కడ్డీ తగిలిస్తే కిటికీ మూసుకోవడానికి రెండున్నర నిమిషాలకు పైనే పడుతుంది. ఆలోపు వాన గదిలోకి వచ్చేస్తుంది. గేట్ల మోటార్లలో కనిపించే పళ్ల పట్టీ, పినియన్ పద్ధతి గట్టిదే, కానీ పళ్ల సందుల్లో మట్టి చేరితే గరగరలాడుతుంది. నేర్చుకునేవాళ్లకు బెల్టే మేలు. చప్పుడు తక్కువ, తప్పు కొలత పడినా సర్దుకోవచ్చు.

మోటారు కోసం ఆన్‌లైన్లో వెతకనక్కర్లేదు. పాత కారు వైపర్ మోటారు నెమ్మది స్పీడులో ఇంచుమించు ఈ వేగంతోనే తిరుగుతుంది. అది 12 వోల్టులది కాబట్టి కరెంటు పోయినా బ్యాటరీ మీద నడుస్తుంది. పాత సామాన్ల దుకాణంలో దొరికితే ఖర్చూ తక్కువే. దాని లోపల వార్మ్ గేరు ఉంటుంది. మోటారు గేరును తిప్పగలదు కానీ, బయటి నుంచి రెక్కను ఎంత నెట్టినా గేరు మోటారును తిప్పదు. కోతి వచ్చి తోసినా కిటికీ కదలదన్నమాట. అదే గుణం ఇంకోవైపు చిక్కు తెస్తుంది. బ్యాటరీ కూడా అయిపోయిన రాత్రి ఇంట్లో పొగ కమ్మితే లోపలి మనిషి కూడా కిటికీ తెరవలేడు! అందుకే లోపలి వైపు నుంచి ఒక పిన్ను లాగితే బెల్టు రెక్కను వదిలేసే ఏర్పాటు ఉండాలి. విద్యార్థుల ప్రాజెక్టుల్లో తరచూ మరిచిపోయేది ఈ పిన్నునే.

వంద న్యూటన్ల గీత

వైపర్ మోటారు గట్టిది. అడ్డుపడితే ఆగే ముందు ఆ చిన్న పుల్లీ మీద వందల న్యూటన్ల బలం చూపగలదు. రెక్కకు కావాల్సింది 50. మిగతా బలమంతా సందులో ఇరుక్కున్న పిల్లవాడి వేళ్ల మీద పడుతుంది.

కార్ల పరిశ్రమ ఈ సమస్యను ఎప్పుడో ఎదుర్కొంది. ఎవరూ స్విచ్చి నొక్కి పట్టుకోకుండానే మూసుకునే కారు అద్దం, సందులో 4 నుంచి 200 మిల్లీమీటర్ల మందం ఉన్న వస్తువు ఇరుక్కుంటే, దాని మీద 100 న్యూటన్ల బలం పడకముందే వెనక్కి మళ్లాలని అమెరికా వాహన భద్రతా నియమం 118 చెబుతోంది. ఇళ్ల గేట్లు, తలుపులు, కిటికీలను నడిపే మోటార్లకు విడిగా ఐఈసీ 60335-2-103 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ప్రాజెక్టు రిపోర్టులో ఈ రెండింటి ప్రస్తావన ఉంటే, చదివే ఇంజినీరు కుర్చీలో కాస్త ముందుకు జరిగి కూర్చుంటాడు.

ఆ గీత దాటకుండా ఆపడమెలా? మోటారు ఎంత కష్టపడితే అంత కరెంటు తీసుకుంటుంది. చిన్న కరెంట్ సెన్సర్ ఆ అంకెను మైక్రోకంట్రోలర్‌కు చెబుతుంటే, హద్దు దాటగానే హెచ్ బ్రిడ్జి సర్క్యూట్ మోటారును ఉల్టా తిప్పుతుంది. కాగితం మీద తేలికే. అసలు తిప్పలు తర్వాత మొదలవుతాయి. మోటారు కదిలే తొలి క్షణంలో కరెంటు ఎగురుతుంది, దాన్ని అడ్డంకి అనుకోకూడదు. చివరి 4 మిల్లీమీటర్లలో రెక్క రబ్బరును నొక్కాలి, అక్కడ వెనక్కి మళ్లకూడదు. ఎండాకాలం దుమ్ముతో రాపిడి పెరిగితే నిన్నటి హద్దు ఇవాళ పనికిరాదు. అందుకని ప్రోగ్రాం ఒకే అంకెను పట్టుకుని వేలాడకుండా, గత కొన్నిసార్లు కిటికీ మూసుకున్నప్పటి కరెంటు సగటుతో పోల్చుకోవాలి. అలా పోలుస్తూ హద్దు పెరుగుతూ పోయినా అసలు బలం 100 న్యూటన్లు దాటకుండా పైన ఇంకో తాళం వేయాలి. మెకానికల్ కుర్రాడు, ఎలక్ట్రానిక్స్ అమ్మాయి ఒకే బల్ల దగ్గర కూర్చుంటే తప్ప తెమలని లెక్క ఇది.

ఆలేరు నుంచి బాలానగర్ దాకా

ఇలాంటి చిక్కునే తేల్చినవారు దగ్గర్లోనే ఉన్నారు. సికింద్రాబాద్ నుంచి కాజీపేట వెళ్లే రైలు జనగామ చేరేలోపు ఆలేరు దాటుతుంది. ఆలేరు మండలం శారాజీపేట చింతకింది మల్లేశం ఊరు. చదువు మధ్యలో ఆపేసిన ఈ చేనేత బిడ్డ, ఒక్క చీరకు ఆసు పోయడానికి, అంటే నేతకు ముందు మేకుల చుట్టూ దారం తిప్పడానికి, దాదాపు 9 వేల సార్లు చెయ్యి ఆడించి భుజం నొప్పులు పడ్డ తల్లి లక్ష్మి కోసం 1992లో ఆసు యంత్రం తయారీ మొదలుపెట్టారు. అది పూర్తయింది 1999లో. యంత్రంలోని కదలికల్లో ఒకటి ఎంతకీ కుదరక ఆగిపోతే, హైదరాబాద్ బాలానగర్‌లో పనిచేస్తున్నప్పుడు మరో యంత్రంలో కనిపించిన కదలిక దారి చూపింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. మోటారు తిప్పుడును దారపు పోగుకు కావాల్సిన కదలికగా మార్చడమే ఆయన ఏళ్ల తరబడి తేల్చిన చిక్కు. కిటికీ దగ్గర విద్యార్థి ముందు పడేది దాని చిన్న రూపమే.

అదే బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది. 1968లో మొదలైన ఈ కేంద్ర ప్రభుత్వ సంస్థ పదో తరగతి పాసైనవాళ్లకు ప్రవేశ పరీక్ష పెట్టి టూల్, డై తయారీలోనూ, ఆటోమేషన్, రోబోటిక్స్‌లోనూ డిప్లొమాలు నేర్పుతుంది. మెషీన్ల మధ్య చెయ్యి నల్లబడాలనుకునేవాళ్లకు మామూలు పాలిటెక్నిక్ కంటే ఇదే సరైన చోటు.

పాలిసెట్ రాసి డిప్లొమాలో చేరితే మూడేళ్లు. ఆపైన ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లొచ్చు. ఐటీఐలో ఈ పనికి దగ్గరి ట్రేడ్లు ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, డ్రాఫ్ట్స్‌మన్ మెకానికల్. 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనిని తెలంగాణ ప్రభుత్వం 2024లో మొదలుపెట్టింది. రోబోటిక్స్, సీఎన్‌సీ మెషినింగ్, డిజైన్ కోర్సులు వాటిలో భాగం. దగ్గరి ఐటీఐలో ఏ కోర్సు నడుస్తోందో అడ్మిషన్ల ముందే వెళ్లి అడగడం మంచిది. బీటెక్‌కు వరంగల్ ఎన్‌ఐటీ సరే, భూపాలపల్లి వైపువాళ్లకు మంథని జేఎన్‌టీయూ కాలేజీ కూడా అందుబాటులోనే ఉంది. డ్రాయింగ్ గీయడానికి ఫ్రీక్యాడ్ ఉచితం. కదలికల సిద్ధాంతం కోసం ఎన్‌పీటీఈఎల్ పాఠాలను డబ్బు కట్టకుండానే చూడొచ్చు.

ఉద్యోగాలు కిటికీల కంపెనీల్లోనే ఉంటాయనుకుంటే పొరపాటు. అవీ ఉన్నాయి. యూపీవీసీ కిటికీలు చేసే ఎన్‌సీఎల్ వేకా, అపర్ణా వెన్‌స్టర్ హైదరాబాద్ సంస్థలే. కారు అద్దాలను ఎత్తి దించే యంత్రాలు చేసే బ్రోజ్ పుణెలో ఉంది. ఇంకాస్త దగ్గరగా చూస్తే, భూపాలపల్లి పక్కనే చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది. థర్మల్ కేంద్రాల్లో బొగ్గు బంకర్ల కింద ఉండే స్లైడ్ గేట్లు కూడా మోటారు జరిపే పలకలే. అక్కడా పలక చివరికి చేరగానే మోటారును ఆపే లిమిట్ స్విచ్చి ఉంటుంది, బలం హద్దు ఉంటుంది, కరెంటు పోతే చేత్తో తిప్పే చక్రం ఉంటుంది. కాజీపేటలో రైల్వే తయారీ యూనిట్‌కు 2023 జులై 8న శంకుస్థాపన జరిగింది. రైలు పెట్టెల ఆటోమేటిక్ తలుపులకూ మూల సూత్రం ఇదే. ఐటీఐవాళ్లు సింగరేణి అప్రెంటిస్ నోటిఫికేషన్ల మీద, డిప్లొమా, బీటెక్‌వాళ్లు కేంద్రం నడిపే నాట్స్ అప్రెంటిస్ పోర్టల్ మీద కన్నేసి ఉంచాలి.

కిటికీ తయారైతే చూపించుకునే చోట్లూ ఉన్నాయి. హైదరాబాద్ రాయదుర్గంలో 2023 మార్చి 2న తెరిచిన టీ-వర్క్స్‌లో 78 వేల చదరపు అడుగుల్లో నమూనాల తయారీ మెషీన్లున్నాయి. రాష్ట్ర ఇన్నోవేషన్ సెల్ 2019లో మొదలుపెట్టిన ‘ఇంటింటా ఇన్నోవేటర్’లో ఎంపికైతే పంద్రాగస్టు నాడు జిల్లా కేంద్రంలోనే స్టాల్ దొరుకుతుంది.

ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు సర్టిఫికెట్ల ఫైలుతో పాటు ఒక నోటుబుక్కు తీసుకెళ్లాలి. అందులో కాటా చూపిన అంకెలు, మోటారు ఎంచిన లెక్క, డ్రాయింగు, సర్క్యూటు, వెయ్యిసార్లు తెరిచి మూసి చూసిన పరీక్షల పట్టిక ఉండాలి. ఎన్నోసారి బెల్టు జారింది, ఏ రోలరు అరిగింది, వానకు కింది ట్రాకులో నీళ్లు నిలిస్తే ఎక్కడ రంధ్రం పెట్టాల్సి వచ్చింది అన్నవి తేదీలతో రాసి ఉండాలి. తెల్లగా, మచ్చ లేకుండా ఉన్న రిపోర్టు కంటే ఇంజినీర్లు నమ్మేది గ్రీజు వేలిముద్రలున్న ఈ పేజీలనే. ఎదుటివారు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: ‘సెన్సర్ పాడైతే మీ కిటికీ ఏం చేస్తుంది?’ ఆగిపోతుంది, బజర్ మోగుతుంది, పిన్ను లాగితే చేత్తో జరుగుతుంది. ఈ మూడూ ముందే పరీక్షించి, ఫోన్లో వీడియో తీసి ఉంచుకోవాలి.