పాత రైల్వే స్లీపర్లతో కూరగాయల మడి కట్టవచ్చా?

ప్రశ్న: పెరట్లో కూరగాయల మడి చుట్టూ పాత రైల్వే చెక్క స్లీపర్లు పేర్చాం. ఎండకు వాటిలోంచి నల్లటి జిగురు కారుతోంది. మట్టికి హాని ఉందా?

జవాబు: ఉంది. అది క్రియోసోట్ అయి ఉంటుంది. బొగ్గును గాలి తగలకుండా కాల్చి కోక్ తయారుచేసేటప్పుడు తారు వస్తుంది. ఆ తారు నుంచి తీసే నూనె ఇది. చెద పట్టకుండా చెక్కకు పట్టిస్తారు. ఇందులో నాఫ్తలీన్, బెంజోపైరీన్ వంటి పాలీ ఆరోమాటిక్ హైడ్రోకార్బన్లు ఉంటాయి. నాఫ్తలీన్ తొందరగానే ఆవిరైపోతుంది. బెంజోపైరీన్ మాత్రం మట్టిని అంటిపెట్టుకుని ఏళ్ల తరబడి ఉండిపోతుంది. అది క్యాన్సర్ కారకం. ముల్లంగి, క్యారెట్ లాంటి దుంపల తొక్కకూ పడుతుంది.

స్లీపర్లు తీసేయండి. వాటిని ఆనుకుని నల్లబడిన మట్టిని తవ్వి, కొత్త మట్టి నింపండి. చేతులకు తొడుగులు తప్పనిసరి. తీసిన చెక్కను మాత్రం పొయ్యిలో పెట్టకండి. ఆ పొగ ఇంకా ప్రమాదం.