జొన్నరొట్టె నేర్పే పాఠం

పాలమూరు, నల్లగొండ మెట్ట పల్లెల నుంచి ఈ హాస్టల్‌కు వచ్చిన మనకు జొన్నరొట్టె కొత్త కాదు. వానను నమ్ముకున్న చెలకల్లో మన తాతముత్తాతల కడుపు నింపింది జొన్నే. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం వచ్చాక పేద ఇళ్లలోనూ రోజూ అన్నం ఉడకసాగింది. ఆకలి తగ్గింది, అది మంచిదే. కానీ రొట్టె చేసే విద్య మాత్రం అమ్మల దగ్గరే ఆగిపోయింది. అందుకే ఈ సంచికలో ఆ పాఠం చెప్పుకుందాం.

కావలసినవి: జొన్నపిండి 2 గ్లాసులు, నీళ్లు సుమారు గ్లాసున్నర, చిటికెడు ఉప్పు. వీటితో 5 రొట్టెలవుతాయి. పిండి కొత్తగా పట్టించింది కావాలి. పాతబడితే చేదెక్కుతుంది, రొట్టె విరుగుతుంది.

చేసే విధానం: మరిగే నీళ్లను పిండిలో కొద్దికొద్దిగా పోస్తూ గరిటెతో కలపాలి. చేయి ఓర్చుకునేంత వేడి ఉండగానే అరచేత్తో బాగా మర్దించాలి. పీట మీద పొడిపిండి చల్లి, ముద్దను పెట్టి, తిప్పుతూ చరచాలి. అంచులు పగిలితే తడిచేత్తో అదమాలి. పొడిపిండి అంటిన వైపు పైకి వచ్చేలా కాలిన పెంక మీద వేసి, పైన తడిగుడ్డతో తుడవాలి. తడి ఆరగానే తిప్పేసి రెండు వైపులా కాల్చాలి.

ఇందులో సైన్సు ఏమిటి? గోధుమపిండి తడవగానే సాగే గుణమున్న గ్లూటెన్ ఏర్పడుతుంది. జొన్నలో అది లేదు. చన్నీళ్లతో కలిపితే ముద్ద పగిలిపోతుంది. వేడినీళ్లు పోస్తే జొన్నలోని పిండిపదార్థం ఉబ్బి, జిగురై, ముద్దను పట్టి ఉంచుతుంది. తడిగుడ్డ పైనున్న పొడిపిండిని తీసేసి, పైపొర ఎండి పగలకుండా చూస్తుంది. ఇక పొంగు సంగతి. ఇంగ్లండులో టీతో పాటు తినే స్కోన్ అనే చిన్న రొట్టెకు మైదా, వెన్న, పాలతో బేకింగ్ పౌడర్ కలిపి ఓవెన్‌లో కాలుస్తారు. ఆ పౌడర్ నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ దాన్ని పొంగిస్తుంది. మన రొట్టెను పొంగించేది అందులోని నీటి ఆవిరే. పౌడరూ వద్దు, ఓవెనూ వద్దు.

బడి మెట్లెక్కని మన అమ్మల చేతులకు ఈ శాస్త్రమంతా తెలుసు. ఒకనాడు పేదల తిండి అని చిన్నచూపు చూసిన జొన్నను కూడా కలుపుకొని ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. హైదరాబాద్ రోడ్ల పక్కన సాయంత్రం పూట రొట్టెలు చేసి అమ్ముతూ ఇల్లు నడుపుకునే తల్లులున్నారు. కనుక డబ్బాలో రొట్టె ఉందని ఎవరి ముందూ సిగ్గుపడవలసిన పని లేదు.

తమ్ముళ్లూ, ఇది ఆడపిల్లల పని అని తప్పించుకోవద్దు. రేపు పట్నంలో గది తీసుకుని చదువుకునేటప్పుడు ఆకలికి ఆడా మగా తేడా ఉండదు. సెలవులకు వెళ్లినప్పుడు అమ్మ పక్కన కూర్చుని నేర్చుకుందాం. మొదటి రొట్టె విరుగుతుంది, పదోది గుండ్రంగా వస్తుంది. కూలికి పోయి అలసి వచ్చిన అమ్మకు ఒక్క పూట మన చేత్తో వేడి రొట్టె పెట్టగలిగిన నాడు ఈ పాఠం మనకు వచ్చినట్టే.