నాలుక ఒకటి – ఇంద్రియములు రెండు

జ్ఞానేంద్రియములు ఐదనియు, కర్మేంద్రియములు ఐదనియు పెద్దలు విభజించి చెప్పినారు. కన్ను చూచును, కాలు నడచును. చెవి వినును, చేయి పట్టుకొనును. ఒకదాని పని మరియొకటి చేయదు. కాని రుచి నెఱిగెడు రసన జ్ఞానేంద్రియము. మాట పలికెడు వాక్కు కర్మేంద్రియము. ఈ రెండింటికిని ముఖ్యస్థానము నాలుకయే. లోపలికి పోవు అన్నమునకును, వెలుపలికి వచ్చు మాటకును ఒకే ద్వారము, ఒకే కావలి. ఆ కావలి నిర్మాణ మెట్టిదో, దానిని ఎట్లు కాపాడుకొనవలెనో తెలిసికొనుట ప్రతి గృహస్థునకు అవసరము.

నోటికి ముందు పెదవులు, ప్రక్కల బుగ్గలు, పైన అంగిలి, అడుగున నాలుక. అంగిలి ముందుభాగమున ఎముక యుండుటచే గట్టిగా నుండును. వెనుకభాగము మెత్తని కండ. దాని చివర వ్రేలాడునదే కొండనాలుక. నాలుకలో ఎముక లేదు. నాలుగు జతల కండరములు దానిలోనే పుట్టి దానిలోనే ముగిసి, దాని ఆకారమును మార్చును. మరి నాలుగు జతలు వెలుపలినుండి వచ్చి దానిని ముందువెనుకలకు, పైకిక్రిందికి కదల్చును. వీనిలో ఒక్క జత తప్ప తక్కినవన్నియు మెదడునుండి వచ్చు పండ్రెండవ కపాలనాడి యాజ్ఞకు లోబడి నడచును.

నోటికి తడి నిచ్చు పెద్ద గ్రంథులు మూడు జతలు: చెవుల ముందు ఒక జత, క్రింది దవడ లోపల ఒక జత, నాలుక అడుగున ఒక జత. ఇవి దినమునకు సుమారు అర లీటరునుండి లీటరున్నర వరకు లాలాజలము నూరించును. ఆ జలము అన్నమును మెత్తపరచుటయేగాక, అందలి పిండిపదార్థమును జీర్ణింపజేయ మొదలిడును. అన్నమును నమలినకొలది తియ్యనగుట ఇందువలననే.

గొంతునందు గాలిత్రోవయు, అన్నపుత్రోవయు ఒకదానినొకటి దాటును. ముద్ద మ్రింగునపుడు ఊపిరి ఒక క్షణము నిలుచును, శ్వాసద్వారము మూతపడును. ఆ క్షణముననే మాటలాడబోయిన మూత తెరచుకొని మెతుకు దారి తప్పును, పొలమారును. భోజనవేళ మౌనము వహింపవలెనన్న పెద్దల నియమము దేహధర్మమునకు ఎంత అనుకూలమో దీనివలన తెలియును. రసన పనిచేయునపుడు వాక్కు విశ్రమింపవలెను.

నాలుకపై కనిపించు సన్నని బుడిపెలలో కొన్నిటియందు రుచిమొగ్గలు వేల సంఖ్యలో నున్నవి. కొన తీపికి, వెనుకభాగము చేదుకు అని పటములు గీచి చెప్పుట చాలకాలము వాడుకలో నుండెను. అది సరికాదు. 1901లో జర్మనీలో ప్రచురితమైన ఒక పరిశోధనను తప్పుగా గ్రహించుటవలన ఆ భావము వ్యాపించినది. రుచిమొగ్గలున్న ప్రతిచోటును అన్ని రుచులను తెలిసికొనగలదు. ఆయుర్వేదము తీపి, పులుపు, ఉప్పు, కారము, చేదు, వగరు అని షడ్రసములను చెప్పినది. నేటి శాస్త్రము అందు కారమును మంటను తెలుపు నాడులకును, వగరును నోటి తడి యారిపోవు స్పర్శకును చెందినవిగా తలచి, తక్కిన నాలుగింటికి 1908లో జపాను శాస్త్రజ్ఞుడు కికునే ఇకెడా గుర్తించిన ‘ఉమామి’ అను రుచిని చేర్చినది.

వయసు మీరినకొలది ఈ రుచిజ్ఞానము మందగించును. ఇంటిల్లిపాదికిని సరిపోయిన పప్పు ముసలివారి కొక్కరికే చప్పగా తోచవచ్చును. ఉప్పు వేయలేదని కోడలిని కసరుకొను అత్తగారు, మామగారు ఒకింత ఆలోచింపవలెను. లోపము వంటలో లేదు, రసనలో నున్నది. రసన చేసిన పొరపాటును వాక్కు కఠినముగా వెలిబుచ్చగా, ఏ తప్పు నెఱుగని యొక హృదయము నొచ్చినది. పైగా, అడిగి వేయించుకొన్న ఉప్పు రక్తపోటును పెంచును.

ఇక వాక్కు. ‘నారాయణ’ యని మెల్లగా పలికి చూడుడు. ‘నా’ యనునపుడు నాలుక కొన పండ్లను తాకును; ‘రా’ యనునపుడు చిగురును తట్టి విడుచును; ‘య’ యనునపుడు నాలుక నడుము అంగిలివైపు లేచును; ‘ణ’ యనునపుడు కొన వెనుకకు మడిగి అంగిలిపై నానును. నాలుగక్షరముల నామమున నాలుక పండ్లనుండి మూర్ధమువరకు యాత్ర చేయుచున్నది. పసిబిడ్డకు నాలుక క్రింది నరము పొట్టిదై పాలు త్రాగుటకో పలుకుటకో అడ్డమైనచో వైద్యునకు చూపవలెను. పెద్దవారికి హఠాత్తుగా మాట ముద్దయైనచో అది పక్షవాత సూచన కావచ్చును. గడియ యాలస్యము చేయక ఆసుపత్రికి చేర్పవలెను.

నిత్యము దంతధావనముతోబాటు నాలుకను గీచుకొనుట ఆచారము. బంగారు, వెండి, రాగి మున్నగు లోహములతో, పదును లేక వంపుగా నాలుక బద్ద చేయించుకొనవలెనని చరకసంహిత చెప్పుచున్నది. ఇట్లు ఉదయమున శుద్ధిచేసిన నోటనే గుట్కా, ఖైనీ, జర్దా వేసికొనుట ఎంత విపరీతము! ఉత్తరాంధ్ర తీరగ్రామములలో కొందరు స్త్రీలకు అలవాటైన అడ్డపొగ, చుట్ట నిప్పుకొనను నోటిలో నుంచుకొనుటచే, అంగిలిని కాల్చి వ్రణములను తెచ్చును. పొగాకే కాదు, వక్క సైతము క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగము 2004లో ప్రకటించినది. రెండు మూడు వారములైనను మానని పుండు, తెల్లని లేక ఎఱ్ఱని మచ్చ, నోరు పూర్తిగా తెరువలేకపోవుట – ఇవి నొప్పి లేకున్నను ఉపేక్షింపరానివి. తొలిదశలో చూపించుకొన్నవారికి చికిత్స ఫలించు నవకాశము మెండు. తిరుమల కొండపై పొగాకు నిషిద్ధము. స్వామి సన్నిధిని రెండు దినములు దానిని విడిచి యుండగలిగిన యాత్రికునకు ఆ శక్తి తనయందే కలదని తేలినది గదా! కొండ దిగినంతనే దానిని పోగొట్టుకొననేల?

శ్రీమద్భాగవతము ఏకాదశస్కంధమున అవధూత తన ఇరువదినలుగురు గురువులలో చేప నొకటిగా చెప్పినాడు. ఎరపై ఆశతో గాలమునకు చిక్కు చేపవలె, రసనకు లోబడినవాడు నశించునని దానివలన నేర్చుకొన్న పాఠము. తక్కిన ఇంద్రియములు ఉపవాసముచే బలహీనములగును. రసన మాత్రము ఉపవాసముచే మరింత ప్రబలును. కావున దానిని ఎండగట్టుటకంటె మంచి పని యప్పగించుటయే ఉపాయము. మధురకవి ఆళ్వారు తమ గురువగు నమ్మాళ్వారుల పేరు పలుకగానే నాలుకపై అమృత మూరునని చెప్పినారు. పలుకుటయే రుచియైన ఆ స్థితిలో రసనయు, వాక్కును ఒక్కటియైనవి. భగవత్ప్రసాదమును స్వీకరించుచు, భగవన్నామమును పలుకుచు, తోడివారిని నొప్పింపని నాలుకయే ఆ రెండింద్రియములకును తగిన నివాసము.