బిడ్డ దవడ నొప్పికి పలువరుసను తప్పుపట్టకండి

మక్కబుట్ట కొరుకుతున్న బిడ్డ ఆగి, "అమ్మా, చెవి కాడ నొస్తున్నది" అంటుంది. నోరు తెరిపించి చూస్తే పన్ను మీద పన్ను ఎక్కి ఉంటుంది. "ఈ పండ్లతోనే ఇదంతా" అనుకుంటాం. గోపాల్‌పేట అమ్మలారా, నాన్నలారా, అక్కడ కొంచెం ఆగండి.

చెవికి ముందు వేలు పెట్టి నోరు తెరిచి మూయండి. వేలి కింద కదిలేదే దవడ కీలు. అందులో పలుచని బిళ్ళ ఒకటి ఉంటుంది. అది కాస్త జరిగితే టక్కుమని చప్పుడవుతుంది. నొప్పి లేని చప్పుడుకు సాధారణంగా వైద్యం అక్కర్లేదు.

పళ్ళు సరిగా కలవకపోవడమే ఈ కీలు నొప్పికి మూలమని 1934లో జేమ్స్ కోస్టెన్ అనే అమెరికా వైద్యుడు రాశాడు. ఆ నమ్మకం దశాబ్దాలు నిలిచింది. తర్వాతి పరిశోధనల్లో అంత గట్టి సంబంధం కనబడలేదు. చక్కని పలువరుస ఉన్నవాళ్ళకూ కీలు నొస్తుంది, వంకర పళ్ళున్న ఎందరికో నొయ్యదు. అందుకే ఈ నొప్పి పోవాలని క్లిప్పులు వేయించకండి, పళ్ళు అరగదీయించకండి. అరిగిన ఎనామిల్ మళ్ళీ రాదు.

బిడ్డ అలవాట్లు గమనించండి. చదువుకునేటప్పుడు పళ్ళు బిగబడుతోందా? గోళ్ళు, పెన్సిల్ కొరుకుతోందా? నిద్ర చాలుతోందా? కొన్నాళ్ళు పల్లీలు, మక్కబుట్టలు మాన్పించి మెత్తని పప్పన్నం పెట్టండి. గోరువెచ్చని బట్టతో కాపడం పెట్టండి. తినేటప్పుడు తప్ప పై పళ్ళు, కింది పళ్ళు తాకకుండా ఉండాలని నేర్పండి.

గడ్డం మీద పడ్డ బిడ్డను మాత్రం ఇంట్లో ఉంచుకోకండి. తోలు మీది గాయం మానినా లోపల కీలు దగ్గర ఎముక విరిగి ఉండవచ్చు. పట్టించుకోకపోతే కీలు అతుక్కుపోయి నోరు తెరుచుకోకపోవచ్చు, దవడ ఎదగకపోవచ్చు. బిడ్డ తన మూడు వేళ్ళు నిలువుగా పట్టేంత నోరు తెరవలేకపోయినా, నొప్పి వారాలు దాటినా వనపర్తి ప్రభుత్వ దవాఖానలో చూపించండి. అవసరమైతే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది.

పలువరుసను అశ్రద్ధ చేయమని కాదు. ఏడేళ్ళప్పుడు ఒకసారి చూపించండి. నోరు మూసేటప్పుడు దవడ ఒక పక్కకు జారుతుంటే చిన్నప్పుడే సరిచేయించాలి. అది ముఖం సమంగా ఎదగడం కోసం.

ఈసారి బిడ్డ దవడ నొస్తున్నదంటే, నోరు తెరవమనే ముందు పక్కన కూర్చోబెట్టుకుని అడగండి: "ఎక్కడన్నా పడ్డవా బిడ్డా? మనసుల ఏమన్నా రంధి ఉన్నదా?"