దిగులుకీ కంగారుకీ ఒకటే మాటా?

ఇంటర్వ్యూకి పిలుపొచ్చినా టెన్షనే, ఫలితాలు ఆలస్యమైనా టెన్షనే, ఇంట్లో నాన్నకు జ్వరమొచ్చినా టెన్షనే. మన వాడుకలో అన్నింటికీ సరిపోయే ఈ మాట, ఇంగ్లిష్‌లో మాట్లాడాల్సి వచ్చేసరికి అడ్డం పడుతుంది. పదసంపద చాలకే ఇలా జరుగుతోందనుకుని పర్యాయపదాల జాబితాలు బట్టీ పట్టేవాళ్లు ఎక్కువ. నా లెక్కలో అసలు లోటు ఇంగ్లిష్‌లో కాదు, తెలుగులోనే ఉంది. బెరుకు, కంగారు, దిగులు, బెంగ, ఆందోళన అని మనకు ఎప్పటినుంచో విడివిడి మాటలున్నాయి. ఏ అమ్మమ్మా వీటిని కలగాపులగం చేయదు. వాటన్నిటినీ టెన్షన్ మింగేశాక, ఇంగ్లిష్‌లో ఏది వాడాలో తేల్చుకునే కొలబద్ద చేజారిపోయింది.

ఆ కొలబద్దను మళ్లీ చేతిలోకి తీసుకుంటే దారి సులువే. కాసేపట్లో నలుగురి ముందు మాట్లాడాలన్నప్పుడు కలిగే బెరుకు, కంగారు ‘నర్వస్’. ఫీజు కట్టగలమా, అమ్మ ఆరోగ్యం కుదుటపడుతుందా అని మనసులో నానే దిగులు ‘వర్రీడ్’. ఏం జరుగుతుందో తెలియక లోలోపల నలిపేసే ఆందోళన ‘యాంక్షస్’. దీని మూలమైన లాటిన్ మాటకు గొంతు నొక్కడమని అర్థం. హాస్టల్లో చేరిన పిల్లాడు ఇంటి మీద పెట్టుకునే బెంగ వీటిలో ఏదీ కాదు, అది ‘హోమ్‌సిక్’. ఇక ఆఫీసు ఈమెయిల్‌లో పనికొచ్చేది ‘కన్సర్న్డ్’. ‘ఐ యామ్ కన్సర్న్డ్ అబౌట్ ద డెడ్‌లైన్’ అంటే భయపడిపోతున్నానని కాదు, గడువు విషయం పట్టించుకోవాల్సిందేనని చెప్పడం. అయితే మన దరఖాస్తుల్లో తరచూ కనిపించే ‘కన్సర్న్డ్ ఆఫీసర్’ను ప్రామాణిక ఇంగ్లిష్ చదువరి దిగులుపడుతున్న అధికారిగా పొరబడవచ్చు. సంబంధిత అధికారి కావాలంటే ‘ద ఆఫీసర్ కన్సర్న్డ్’ అని మాటల వరస మార్చాలి.

మాట కుదిరినా వాక్యం తప్పడానికి కారణం మన ‘కు’ ప్రత్యయం. తెలుగులో భయం, దిగులు మనిషికి వచ్చి చేరతాయి: నాకు భయంగా ఉంది, నాకు దిగులేసింది. ఇంగ్లిష్‌లో మనిషే కర్త, భావం అతనికి విశేషణం. అందుకే ‘టెన్షన్ ఈజ్ కమింగ్ టు మీ’ అతకదు, ‘ఐ యామ్ నర్వస్’ అతుకుతుంది. మరో చిక్కు ‘వర్రీడ్’, ‘వర్రీయింగ్’ల దగ్గర. చింతాక్రాంతుడికీ చింతాజనకానికీ ఉన్న తేడాయే ఇది: పరిస్థితి వర్రీయింగ్, మనిషి వర్రీడ్. వీటికి తోడు విభక్తుల్లా పనిచేసే చిన్న మాటలు. ‘యాంక్షస్ అబౌట్ జాయినింగ్’ అంటే చేరడమంటే ఆందోళన. ‘యాంక్షస్ టు జాయిన్’ అంటే చేరాలన్న ఆత్రుత. కొత్త ఉద్యోగికి ఈ రెండింటి మధ్య దూరం తక్కువేమీ కాదు.

భారతీయ ఇంగ్లిష్‌కూ ఒక స్వరూపం ఉంది కదా, ‘ప్రీపోన్’ నిఘంటువులకెక్కలేదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, స్నేహితులతో ‘డోంట్ టేక్ టెన్షన్’ అంటే వచ్చే నష్టమేమీ లేదు. కానీ ఆ వాడుక తెలియని విదేశీ క్లయింట్‌కు అది తికమకగా ఉంటుంది. ఇంటర్వ్యూల్లో ధారాళత చాలు, ఈ సూక్ష్మాలు ఎవరు చూస్తారన్నది ఇంకో వాదన. కానీ ఇంగ్లిష్ ప్రావీణ్యాన్ని కొలిచే ఐఈఎల్‌టీఎస్ పరీక్షలో కూడా, స్పీకింగ్ విభాగంలో చూసే 4 అంశాల్లో ధారాళత ఒకటైతే పదసంపద మరొకటి. రెండింటికీ సమానమైన బరువే. పైగా ఇక్కడ పొరబాటు వ్యాకరణంతో ఆగదు. ఒక పరీక్ష పోయినందుకు ‘ఐ యామ్ ఇన్ డిప్రెషన్’ అంటే వినేవారు వైద్యం అవసరమైన జబ్బనుకునే ప్రమాదం ఉంది. అక్కడ ‘ఐ యామ్ అప్‌సెట్’ చాలు. భయపడాల్సిన పనిలేని భయం కూడా ఒకటుంది: ‘ఐ యామ్ అఫ్రెయిడ్ ఐ కాంట్ అటెండ్ టుమారో’. ఇందులో భయమేమీ లేదు, రేపు రాలేనని మర్యాదగా చెప్పడమే.