గోదారి తేవడం మానేసిన మట్టి

మాది మొగల్తూరు. పేరుపాలెం బీచ్‌కి ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు గానీ, మన డెల్టా అంతా గోదారి మోసుకొచ్చిన ఒండ్రే అని ఎప్పుడూ ఆలోచించలేదు. ఆంధ్రా యూనివర్సిటీ ప్రొఫెసర్ కాకాని నాగేశ్వరరావు గారి బృందం 2010లో రాసిన పేపర్ చదివాక భయమేసింది.

1970ల్లో ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు వచ్చేదట. 2000–2006 నాటికి 5.7 కోట్లే. వానలు తగ్గాయేమో అనుకున్నా (సీఎస్ఈ వాళ్లం కదా, ముందు ఇన్‌పుట్‌నే అనుమానిస్తాం). కాదు, ఎగువ డ్యాముల వెనక మట్టి ఆగిపోతోంది. అలలు మాత్రం ఆగవు. 1965–2008 మధ్య కృష్ణా, గోదావరి డెల్టాల తీరంలో నికరంగా 76 చదరపు కిలోమీటర్లు కోతకు పోయాయి.

తాతయ్యకి చెప్పా. "మరి సీలేరు నీళ్లు ఆపి వదలకపోతే దాళ్వా ఎలా పండుద్దిరా?" అన్నారు.

పేపర్‌లో మళ్లీ వెతికా. దానికి జవాబు దొరకలేదు.