మత్తులో పడిన సోదరుణ్ణి షైతానుకు అప్పగించకండి

సారా, బ్రాందీ హరామ్ అన్న సంగతి మన ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. గంజాయి మాట వచ్చేసరికి మాత్రం కొందరు యువకులు మమ్మల్ని ఎదురు ప్రశ్న వేస్తుంటారు. "హజ్రత్, ఖుర్ఆన్‌లో మద్యం పేరుంది గాని గంజాయి పేరెక్కడుంది? అది ఆకే కదా!" అంటారు. మాత్రలు మింగేవారి వాదనా ఇలాంటిదే. అది మందుల షాపులో అమ్మే మందే కదా అంటారు.

దివ్యఖుర్ఆన్ మద్యాన్ని ఒక్కసారిగా నిషేధించలేదు. మొదట అల్ బఖరా సూరా 219వ ఆయత్‌లో దాని లాభం కన్నా పాపమే పెద్దదని తెలిపింది. తర్వాత అన్నిసా సూరా 43వ ఆయత్‌లో మత్తులో ఉన్నప్పుడు నమాజు దరికి పోవద్దని ఆదేశించింది. చివరకు అల్ మాయిదా సూరా 90, 91 ఆయతుల్లో దాన్ని పూర్తిగా నిషేధించి, కారణం కూడా వివరించింది. దాని ద్వారా షైతాన్ మనుషుల మధ్య వైరం రగిలించి, వారిని అల్లాహ్ స్మరణకు, నమాజుకు దూరం చేస్తాడు. ఈ కారణం గంజాయిలో లేదా? హజ్రత్ ఉమర్ (రజి) మింబర్ మీద నిలబడి, బుద్ధిని కప్పివేసేదే ఖమ్ర్ అని నిర్వచించారు (బుఖారీ). మత్తెక్కించే ప్రతి వస్తువూ ఖమ్రేనని, ఎక్కువైతే మత్తెక్కించేది కొంచెమైనా హరామేనని దైవప్రవక్త (సఅసం) స్పష్టం చేశారు. తాతారుల కాలంలో హషీష్ ముస్లిం ప్రాంతాల్లో వ్యాపించినప్పుడు ఇమామ్ ఇబ్నె తైమియా (రహ్మ) దాన్ని మద్యంతో సమానంగా హరామ్ అన్నారు. మన హనఫీ గ్రంథం 'దుర్రె ముఖ్తార్' కూడా భంగు, హషీష్, నల్లమందు తినడాన్ని నిషేధించింది. ఇక మాత్రల సంగతి. వైద్యుడు రాసిన మోతాదులో రోగికి అది మందు. మత్తు కోసం మింగితే అదే మాత్ర హరామ్.

హుక్మ్ గురించి ఇంతకు మించి చర్చ అక్కర్లేదు. మేము చెప్పదలచుకున్నది వేరు. ఇంట్లో కొడుకు మత్తుకు అలవాటుపడ్డాడని తెలిసిన రోజున ఆ ఇల్లు, ఆ మహల్లా, ఆ మసీదు ఏం చేస్తున్నాయి?

ఇది ఎక్కడో పెద్ద నగరాల్లో జరిగేదని అనుకోకండి. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు తగలబెట్టిన గంజాయే సుమారు 2 లక్షల కిలోలు. ఢిల్లీలోని ఎయిమ్స్ వైద్యులు జరిపిన దేశవ్యాప్త సర్వే నివేదిక 2019లో వెలువడింది. సొల్యూషన్, వైట్‌నర్ లాంటివి పీల్చే అలవాటు పెద్దల్లో కన్నా 10 నుండి 17 ఏళ్ళ పిల్లల్లోనే ఎక్కువని అందులో తేలింది. పెద్దల్లో 0.58 శాతం, పిల్లల్లో 1.17 శాతం. ఇవి పంక్చర్ షాపులో, స్టేషనరీ కొట్లో దొరికే వస్తువులు. వీటి కోసం పిల్లవాడు ఏ చీకటి సందుకూ వెళ్ళనక్కర్లేదు.

విషయం తెలియగానే తల్లిదండ్రులు మొదట దాన్ని దాస్తారు. ఖాందాన్ ఇజ్జత్ పోతుందని బంధువులకు చెప్పరు, ఇమామ్ సాహెబుకు చెప్పరు, వైద్యుడికి కూడా చెప్పరు. ఇంట్లో వస్తువులు ఒక్కొక్కటే మాయమవుతుంటాయి. చివరికి పోలీసుల ద్వారానో, వీధిలో గొడవ ద్వారానో గుట్టు బయటపడుతుంది. అప్పుడిక మహల్లా వంతు. నిన్నటి దాకా సలాం చేసినవారు ముఖం తిప్పుకుంటారు. మసీదులో అతని పక్కన నిలబడరు. "వీడు పుట్టకపోయినా బాగుండేది" అని కన్నతల్లి ముందే అనేస్తారు.

మన ప్రవక్త (సఅసం) మసీదులో ఇలా జరగలేదు. హజ్రత్ ఉమర్ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు సహీహ్ బుఖారీలో ఉంది. అబ్దుల్లాహ్ అనే ఒక వ్యక్తి ఉండేవారు. జనం ఆయన్ను 'హిమార్' అని పిలిచేవారు. తన మాటలతో దైవప్రవక్త (సఅసం)ను నవ్విస్తూ ఉండేవారు. తాగుడు కారణంగా ఆయనకు శిక్ష కూడా పడింది. అయినా మానలేకపోయారు. మరోసారి పట్టుకొచ్చి శిక్షించినప్పుడు, ఎన్నిసార్లు తేవాలి ఇతణ్ణి అంటూ ఒకతను శపించాడు. దైవప్రవక్త (సఅసం) వెంటనే వారించారు. ఆ వ్యక్తి అల్లాహ్‌నూ, ఆయన ప్రవక్తనూ ప్రేమిస్తున్నాడని సాక్ష్యమిచ్చారు.

ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. తప్పు రుజువైంది, శిక్ష పడింది, మళ్ళీ మళ్ళీ జరిగింది. అయినా అతని ఈమాన్‌కు సాక్ష్యమిచ్చింది స్వయంగా దైవప్రవక్త (సఅసం). హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖనంలో ఇలాంటి మరో సంఘటన ఉంది. శిక్ష పడిన వ్యక్తిని అల్లాహ్ అవమానపరచాలని ఒకరు శపించగా, అతనికి వ్యతిరేకంగా షైతానుకు తోడ్పడవద్దని ఆయన (సఅసం) హెచ్చరించారు. శిక్ష విధించడం పాలకుని పని. గంజాయి తాగాడని కుర్రవాణ్ణి స్తంభానికి కట్టేసి కొట్టే అధికారం షరీఅత్ మనలో ఎవరికీ ఇవ్వలేదు.

సిరియాలో ఉండే తన మిత్రుడొకరు తాగుడులో పడ్డారని విని హజ్రత్ ఉమర్ (రజి) ఏం చేశారో తఫ్సీర్ ఇబ్నె కసీర్‌లో చదవవచ్చు. తిట్టి ఉత్తరం రాయలేదు. పాపాలు క్షమించేవాడు, తౌబా స్వీకరించేవాడు, కఠినంగా శిక్షించేవాడు అని అల్లాహ్‌ను వర్ణించే సూరా గాఫిర్ తొలి ఆయతులు రాసి పంపారు. అతని కోసం దుఆ చేయమని తన చుట్టూ ఉన్నవారికి చెప్పారు. ఆ మిత్రుడు ఆ ఉత్తరాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకుని ఏడ్చి, తాగుడు మానేశారు.

అయితే దుఆ చేసి ఊరుకుంటే సరిపోతుందా? మందులు వాడవచ్చా అని పల్లెవాసులైన అరబ్బులు అడిగితే, వాడండి అని, అల్లాహ్ ఏ జబ్బునూ మందు లేకుండా దింపలేదని దైవప్రవక్త (సఅసం) బదులిచ్చారు. మత్తు మొదలుపెట్టడం పాపం. ఆ పాపం నుండి పుట్టిన బానిసత్వం మాత్రం శరీరాన్నీ మెదడునూ పట్టిన జబ్బు కూడా. కాబట్టి తౌబా అవసరం, చికిత్సా అవసరం. రమజాన్‌లో నెలంతా నిగ్రహించుకున్న కొందరు చాంద్ రాత్ నాడే మళ్ళీ జారిపోవడం మనకు తెలియనిది కాదు. వారి రోజాలు బూటకమని తీర్మానించకండి. ఆ నెలలోనే వైద్యుని దగ్గరికి తీసుకువెళ్ళి ఉంటే బాగుండేది.

చాలా ఇళ్ళలో చేసే మరో పని గదిలో పెట్టి తాళం వేయడం. దీనిలో ప్రమాదం ఉంది. తెలంగాణలో కొన్నిచోట్ల కల్లులో ఆల్ప్రజోలం, డైజిపాం వంటి నిద్రమందులు కలిపేవారు. 2015లో దాడులు జరిగి ఆ కల్లు ఆగిపోయినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల్లో అలవాటుపడినవారు ఫిట్స్ వచ్చి, మతి తప్పినట్లు ప్రవర్తిస్తూ ఆసుపత్రుల పాలయ్యారు. ఇలాంటి మాత్రలనూ, ఏళ్ళ తరబడి తాగిన మద్యాన్నీ ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికే రావచ్చు. హెరాయిన్ సంగతి వేరు. కొన్ని వారాలు ఆపేసరికి శరీరం పాత మోతాదును తట్టుకునే శక్తి కోల్పోతుంది. గదిలోంచి బయటపడి మళ్ళీ అదే మోతాదు తీసుకుంటే ఊపిరి ఆగిపోవచ్చు. అందుకే వైద్యుడు ఒక పద్ధతి ప్రకారం తగ్గిస్తాడు.

హెరాయిన్ మాన్పించడానికి ఇచ్చే బ్యూప్రెనార్ఫిన్, మెథడోన్ కూడా మత్తు జాతివే కదా, అవి ఎలా జాయెజ్ అవుతాయని కొందరు అడుగుతారు. అక్కడ ఉద్దేశం మత్తెక్కడం కాదు, ప్రాణం కాపాడి హరామ్ నుండి బయటికి లాగడం. నమ్మకమైన నిపుణుడు ఇదే మార్గమని చెప్పినప్పుడు, అతని పర్యవేక్షణలో వాడటానికి మా దృష్టిలో అభ్యంతరం లేదు. 2010లో మలేషియాలో కౌలాలంపూర్‌లోని మస్జిద్ అర్-రహ్మాన్‌లో, పక్కనే ఉన్న మలయా విశ్వవిద్యాలయ వైద్యుల సహకారంతో, ధార్మిక బోధనతో పాటు మెథడోన్ ఇచ్చే కార్యక్రమం మొదలైంది. మన మసీదు కమిటీలు ఆ మాట వింటేనే ఉలిక్కిపడతాయేమో!

పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి పోనివారు ఒక సంగతి తెలుసుకోవాలి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. మత్తుకు బానిసైన వ్యక్తి వాడకానికి గాని, కొద్ది పరిమాణానికి గాని సంబంధించిన కేసులో ఉన్నా, తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు గల ఆసుపత్రిలో చేరి చికిత్స పొందితే ఆ నేరానికి విచారణ నుండి రక్షణ లభిస్తుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. అమ్మేవారికి ఇది వర్తించదు. సలహా కోసం కేంద్ర ప్రభుత్వం వారి ఉచిత ఫోన్ నెంబరు 14446 ఉంది.

ఇక పెళ్ళి సంగతి. "నికాహ్ చేస్తే వాడే దారికొస్తాడు" అనే మాట ఎంతమంది ఆడపిల్లల గొంతు కోసిందో! ఇంట్లో మన చేతకాని చికిత్సను పరాయి ఇంటి నుండి వచ్చిన ఇరవై ఏళ్ళ అమ్మాయి చేయాలా? లోపం దాచి సరుకు అమ్మడమే మోసమని ధర్మం చెబుతుంటే, మనిషి లోపం దాచి నికాహ్ చేయడాన్ని ఏమనాలి? సంబంధం గురించి విచారించడానికి వచ్చినవారితో మహల్లా పెద్దలు "అబ్బాయి మంచివాడే" అని తప్పుకుంటున్నారు. నిజం చెబితే గీబత్ అవుతుందని వారి భయం. హజ్రత్ ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) తనకు వచ్చిన రెండు సంబంధాల గురించి సలహా అడిగినప్పుడు దైవప్రవక్త (సఅసం) ఒకరి పేదరికాన్నీ, మరొకరి చెయ్యి చేసుకునే స్వభావాన్నీ దాచకుండా చెప్పారు (ముస్లిం). పెళ్ళి కోసం అడిగినవారికి అవసరమైనంత నిజం చెప్పడం గీబత్ కిందికి రాదని ఉలమా దీని ఆధారంగానే అన్నారు. కాబట్టి ముందు చికిత్స పూర్తి చేయించండి. వైద్యుడు సరేనన్న తర్వాత, అమ్మాయికీ ఆమె వలీకీ జరిగిందంతా చెప్పండి. వారు మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాకే ఖాజీ గారిని పిలవండి.